మెట్లమీద పౌలు మాట్లాడిన భాష

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 21:37 – 22:22





ఈసారి వాక్యమునకు ముందు ఒక ఒప్పుకోలు చేయవలసియున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘమునకు ఆఫ్రికా ఖండమునుండి ఒక దైవసేవకుడు అతిథిగా వచ్చారు. ఏర్పాట్లు నాకు అప్పగించారు. విదేశమునుండి మనిషి వస్తున్నాడనగానే, మన పద్ధతులేవీ ఆయన కంటబడకూడదని నాకు తోచింది. డోలకు, తాళములు లోపలి గదిలో పెట్టించాను. కీబోర్డు, గిటారు అద్దెకు తెప్పించాను. యౌవనస్థులచేత ఇంగ్లీషు పాటలు పాడించాను. స్త్రీల సమాజమువారు రాగి సంగటి, కోడికూర వండుతామంటే వద్దని హోటలు భోజనము తెప్పించాను. ఆయన అంతా మర్యాదగా విన్నారు, మర్యాదగా తిన్నారు.

సాయంత్రము టీ త్రాగుచుండగా నన్ను అడిగారు. "మీరు ఈ రాష్ట్రమువారు కారని విన్నాను. మీవారు ఇక్కడికి ఎందుకు వచ్చారు? మీ కుటుంబములో మొదట ప్రభువును ఎరిగినది ఎవరు? అంతకు ముందు వారు ఏమి చేసి బ్రతికేవారు?"

నేను మా తాత పేరు, నెల్లూరు జిల్లా అన్న మాట చెప్పి ఆగిపోయాను. ఆయన మాత్రము తన తండ్రిని, తాతను, ముత్తాతను పేరు పేరునా చెప్పారు. ఎవరి కాలములో సువార్త తమ ఊరికి వచ్చినదో చెప్పారు. ప్రభువు కొరకు ఏ ఆచారమును విడిచిపెట్టారో, దేనిని నేటికీ నిలుపుకున్నారో చెప్పారు. నా దగ్గర చెప్పుటకేమీ లేకపోయింది.

అది కూడ పూర్తి నిజము కాదు. నాకు ఒక సంగతి తెలుసు. మా ముత్తాత చెప్పులు కుట్టి బ్రతికినవాడు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. నెల నెల ప్రభువు బల్లయొద్ద నిలుచువాడను, నన్ను కన్నవారి పనిని ఒక సహోదరుని ఎదుట దాచుకున్నాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బైబిలు తెరిచినప్పుడు పై వాక్యభాగము నన్ను పట్టుకున్నది.

యెరూషలేము దేవాలయములో జనులు పౌలును పట్టుకొని కొట్టుచున్నారు. సైనికులు వచ్చి ఆయనను కోట మెట్లమీదికి మోసికొని పోయారు. అక్కడ ఆయన సహస్రాధిపతితో గ్రీకు భాషలో మాట్లాడాడు. ఆ అధికారి ఆశ్చర్యపడ్డాడు. నాలుగువేలమంది నరహంతకులను అరణ్యమునకు నడిపిన ఐగుప్తీయుడు ఇతడేనని అంతవరకు అతడు తలంచాడు. ఇది గమనించండి. మనమెవరమో మనము చెప్పకపోతే, ఎదుటివాడు తనకు తోచిన పేరు మనకు పెడతాడు.

పౌలు తాను యూదుడనని, కిలికియలోని తార్సు పౌరుడనని చెప్పాడు. మాట్లాడుటకు సెలవు అడిగాడు. తరువాత జనులవైపు తిరిగి, చేసైగ చేసి, హెబ్రీ భాషలో మొదలుపెట్టాడు. ఆ భాష చెవిని పడగానే వారు మరింత నిశ్శబ్దమయ్యారు. అవే మెట్లు, అదే మనిషి, రెండు భాషలు. ఇంట గెలిచి రచ్చ గెలవమని మన పెద్దలు చెప్పిన మాట ఆ మెట్లమీద కనబడుచున్నది. దీనినుండి మూడు సంగతులు ధ్యానించుదాము.

మొదటిది: పౌలు తన రెండు ఊళ్ళను దాచలేదు.

పౌలు వలసవెళ్ళినవారి బిడ్డ. యూదుల దేశమునకు వెలుపల తార్సులో పుట్టాడు. యెరూషలేములో గమలీయేలు పాదములయొద్ద పెరిగాడు. అధికారి ఎదుట తార్సును గౌరవముతో చెప్పుకున్నాడు. జనుల ఎదుట యెరూషలేము చదువును చెప్పుకున్నాడు. ఒకదానిని చెప్పుటకు రెండవదానిని కొట్టివేయలేదు.

మనమును అట్టివారమే. షోలాపురములో మగ్గము నేసినవారి మనుమలు, కోలారు గనులలో దిగినవారి మనుమలు, మద్రాసు పేటలలో, బరంపురము వీధులలో పుట్టిపెరిగినవారు మన సంఘములలో ఉన్నారు. కొందరు, "మేము తెలుగువారము, ఈ ఊరితో మాకేమి?" అంటారు. వారి పిల్లలు, "మేము ఇక్కడివారమే, తెలుగుతో మాకేమి?" అంటారు. తండ్రి ఒక ఊరిని, కొడుకు ఒక ఊరిని పారవేస్తే ఆ ఇంటికి ఏ ఊరును మిగలదు.

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయము చదవండి. ప్రథమ ఫలముల గంప తెచ్చినవాడు యాజకుని ఎదుట మొదట ఏమి చెప్పవలెను? తన పితరుడు తిరుగులాడిన అరామీయుడని, కొద్దిమందితో ఐగుప్తునకు పోయి పరవాసిగా ఉన్నాడని, అక్కడ బాధపడ్డాడని, దేవుడు విడిపించాడని చెప్పవలెను. గంపతోపాటు కథ కూడ తేవలెను. ఆ కథలో పేదరికము, దాస్యము దాచబడలేదు. 11వ వచనములో ఆ సంతోషములో పరదేశికిని పాలున్నది. తన కథ ఎరిగినవాడు పరదేశిని పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనగలడు.

నేను మా మేనత్త దగ్గరకు వెళ్ళాను. ఆమె కోలారు గనుల లైన్లలో పుట్టి, 2001లో ఆ గనులు మూతబడిన తరువాత కూడ ఊరు విడువక అక్కడే ఉన్నది. "అత్తా, మనవాళ్ళు ఇక్కడికి ఎందుకు వచ్చారు?" అని అడిగాను. "ఇన్నేళ్ళకు అడిగావా అబ్బయా" అన్నది. తరువాత చెప్పింది. "మా తాత చెప్పులు కుట్టేవాడు. బాప్తిస్మము పొందినాక చచ్చిన గొడ్డు మాంసము ముట్టనన్నాడు, జాతరకు డప్పు కొట్టనన్నాడు. ఊళ్ళో గింజలు పెట్టడము మానేశారు. పస్తులున్నారు గాని మాట తప్పలేదు. అందుకే మా నాయన పదహారేళ్ళకు గనికి వచ్చాడు."

ఇంకొక సంగతి చెప్పింది. భూమి లోపల రాయి పగిలినప్పుడు పైన ఇండ్లు కదిలేవి, గూటిలో గిన్నెలు గలగలమనేవి. అప్పుడు మా అవ్వ పొయ్యిముందునుండి లేచి, ఆ షిఫ్టులో దిగినవారి పేర్లు ఒక్కొక్కటి చెప్పి తెలుగులో ప్రార్థించేది. ప్రక్క ఇంటి తమిళ ఆమె, ఎదురింటి కన్నడ ఆమె వచ్చి గడపలో నిలుచుండేవారు. తమ మగవారి పేర్లు కూడ చెప్పమనేవారు. మా అవ్వకు రెండవ భాష సరిగా రాదు. తన భాషలో తాను నిండుగా నిలిచినందుననే ముగ్గురికి ఆ గడప చాలింది.

ఆ చెప్పులు కుట్టినవానిని నేను అతిథి ఎదుట దాచాను. ప్రభువు కొరకు పస్తులున్న మనిషిని దాచాను!

రెండవది: తన భాషలో నిలిచినవాడే ఇతరులకు ద్వారము తెరిచాడు.

మన బాప్తిస్టు చరిత్రనే తీసుకొనండి. 1836లో శామ్యూల్ డే దొరగారు తెలుగు దేశమునకు వచ్చారు. 1840లో నెల్లూరు చేరారు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండమీద ఐదుగురు మోకరించారు. జ్యూయెట్ దొరగారిని, దొరసానిగారిని మనకు తెలుసు. మిగిలిన ముగ్గురు ఎవరు? క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ముగ్గురును మన తెలుగు విశ్వాసులే. మన సండేస్కూలు పిల్లలను అడిగి చూడండి, ఆ ముగ్గురి పేర్లు ఎందరు చెప్పగలరో!

పాటల సంగతి చూడండి. పర్లాకిమిడి ప్రాంతపువాడైన పురుషోత్తమ చౌదరిగారు 1833లో కటకములో బాప్తిస్మము పొందారు. సువార్త ఆయనకు దూరదేశమువారి ద్వారా వచ్చింది. దానిని ఆయన తెలుగు కీర్తనగా, మన రాగములలో మన తాళములలో పాడారు. నేటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పాట పైన రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి. ఇచ్చిపుచ్చుకొనుట అంటే అదే. వచ్చినదానిని వచ్చినట్టే తిరిగి అప్పగిస్తే ఇచ్చినవానికి మన వలన ఏమి లాభము?

ఇప్పుడు మనవారు సముద్రము దాటిన సంగతి. 1860 నవంబరు 16న మద్రాసునుండి వెళ్ళిన ట్రూరో అను ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరింది. 1911 వరకు లక్షా యాభై వేలమందికి పైగా మన దేశస్థులు ఒప్పంద కూలీలుగా అక్కడి నేటాలుకు వెళ్ళారు. చెరకు తోటలలోను, తేయాకు తోటలలోను పనిచేశారు. వారిలో తెలుగువారు ఉన్నారు, మన బాప్తిస్టు విశ్వాసులును ఉన్నారు. తమకొక తెలుగు కాపరి కావలెనని వారు కోరారు. ఆ మనవి నెల్లూరు చేరింది.

1903లో తెలుగు బాప్తిస్టు హోం మిషనరీ సొసైటీ జాన్ రంగయ్య గారిని పంపింది. ఆయన భార్యాబిడ్డలతో ఓడ ఎక్కారు. ఆ సంవత్సరము డిసెంబరు 27న కేర్స్నీలో తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడింది. 1915లో మరణించువరకు ఆయన ఆ సేవలో ఉన్నారు.

ప్రియులారా, 1836లో మిషనరీని అందుకున్నవారు 67 సంవత్సరములు తిరుగకముందే మిషనరీని పంపినవారయ్యారు. ఆయన వెంట తీసికొనిపోయినది ఏమిటి? ఆ తోటలలో ఆంగ్లేయ యజమానులున్నారు, ఇంగ్లీషు ఆరాధనలున్నాయి. అయినను దినమంతా నడుము వంచి పనిచేసిన తల్లికి చచ్చిన బిడ్డ కొరకు ఏడ్చుటకు తెలుగు కావలసి వచ్చింది. ఆ భాష ఎరిగిన, ఆ పల్లెల బ్రతుకు ఎరిగిన మనిషి కావలసి వచ్చింది.

దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగము, తమ దేశములో గౌరవింపవలసిన భాషలను పేర్కొను 6వ విభాగములో తెలుగును కూడ పేర్కొన్నది. కూలీలుగా వెళ్ళినవారి భాష ఒక దేశపు రాజ్యాంగములోనికి ఎక్కింది. ఇది మనకు సంతోషము. అయితే ఆ మొదటివారి సంతతిలో అనేకులు నేడు ఇంటిలో ఇంగ్లీషే మాట్లాడుచున్నారు. ఇది మనకు హెచ్చరిక. పెట్టెలో తాతగారి తెలుగు బైబిలు ఉండవచ్చును. దాని అంచులో ఆయన వ్రాసుకున్నది చదువుటకు మనుమనికి రాకపోతే, ఆ పుస్తకము ఒక గుర్తు మాత్రమే. మన ఇండ్లలోని పెట్టెలు ఒకసారి తెరిచి చూచుకుందాము.

మూడవది: పౌలు తన సంస్కృతిని ఎరిగాడు గాని దానికి మ్రొక్కలేదు.

22వ అధ్యాయము 21, 22 వచనములు జాగ్రత్తగా చూడండి. హెబ్రీ భాషలో మాట్లాడినంతసేపు జనులు విన్నారు. ప్రభువు తన్ను దూరమున అన్యజనులయొద్దకు పంపుచున్నాడన్న మాట రాగానే కేకలు వేశారు. వారికి తమ భాష తియ్యగా ఉన్నది, తమ పితరుల మాట తియ్యగా ఉన్నది, అన్యుని పేరు మాత్రము చేదైనది. తమ ఇంటిని ప్రేమించి, దాని చుట్టు గోడ కట్టుకున్నారు. పౌలు అదే ఇంటిని ప్రేమించి, తలుపు తీశాడు.

మన సంస్కృతి అన్నప్పుడు మనము నిజము చెప్పుకొనవలెను. అందులో పాట ఉన్నది, పలకరింపు ఉన్నది, వచ్చినవానికి కాళ్ళకు నీళ్ళిచ్చి అన్నము పెట్టు మర్యాద ఉన్నది. అందులోనే అంటరానితనమును ఉన్నది. మన పితరులలో అనేకులను ఊరి వెలుపల ఉంచినది కూడ సంస్కృతి పేరుతోనే.

ఒంగోలు ప్రాంతములో సువార్త ప్రబలిన చరిత్ర ఇక్కడ మనకు దారి చూపుచున్నది. 1866లో బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్యగారు మాదిగ కులములో పుట్టినవారు. అంతకు ముందే యోగుల బోధ విని సత్యము కొరకు వెదకినవారు. ఆయన మన పల్లెలలో గురువులు తిరిగినట్టే తిరిగి, మనవారి మాటలలోనే క్రీస్తును ప్రకటించారు. క్లౌ దొరగారు క్రొత్త విశ్వాసుల ముందు మూడు నియమములు ఉంచారు: ఆదివారము పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసము తినకూడదు, విగ్రహములకు మ్రొక్కకూడదు. ఈ మూడింటికొరకు వారు దెబ్బలు తిన్నారు, కూలి పోగొట్టుకున్నారు. అయితే తెలుగు విడువమని గాని, బంధువులను విడువమని గాని వారికి చెప్పబడలేదు. గొప్ప కరవు తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినప్పుడు, ఆ జనసమూహము తమ చుట్టములతో, తమ పల్లెలతో కలిసి నడిచి వచ్చింది.

విడువవలసినది విడిచి, నిలుపుకొనవలసినది నిలుపుకొనుటకు, మొదట ఏది ఏమిటో ఎరుగవలెను. మనము ఈ పనిని తలక్రిందులుగా చేయుచున్నామని నా భయము. భాషను విడిచాము, పాటను విడిచాము, తాత కథను విడిచాము. కులమును మాత్రము రైలు పెట్టెలో పెట్టుకొని ఇంతదూరము తెచ్చుకున్నాము! మన సంఘములలో పెండ్లి మాట వచ్చునప్పుడు మొదట అడుగునది ఏమిటి? రక్షణ సాక్ష్యమా, లేక ఇంటిపేరా? దీనిని ఎవరిమీదను వేయను. మా ముత్తాత పనిని దాచిన నా సిగ్గును ఆ మూటలోనిదే.

పౌలు ఫిలిప్పీయులకు వ్రాయుచు తన వంశమును, గోత్రమును వరుసగా చెప్పి, క్రీస్తు నిమిత్తము వాటిని నష్టముగా ఎంచుకున్నానని చెప్పాడు (3:5–8). ఆ వరుస ఆయనకు కంఠతా వచ్చును. ఎరిగి సమర్పించుకున్నాడు గాని మరచి పోగొట్టుకొనలేదు.

ఇప్పుడు మనమేమి చేయవలెను?

ఈ నెలలో ప్రతి ఇంటిలో ఒక నోటుబుక్కు కొనండి. ఇంటిలోని పెద్దవారిని ఆ అతిథి నన్నడిగిన మూడు ప్రశ్నలే అడగండి: ఎందుకు వచ్చాము, మొదట ప్రభువును ఎరిగినది ఎవరు, అంతకు ముందు ఏమి చేసి బ్రతికాము. వారు చెప్పినది చెప్పినట్టే వ్రాయండి. సిగ్గనిపించిన చోట తప్పకుండ వ్రాయండి. ఆలస్యము చేయకండి, మా మేనత్త వయసువారు ప్రతి సంఘములోను తగ్గిపోవుచున్నారు.

ఆదివారము ఆరాధన తరువాత అరగంట పిల్లలకు తెలుగు చదువుట నేర్పండి. బడిలో కన్నడము, తమిళము, మరాఠీ, ఒడియా బాగా చదువనివ్వండి. అవి వారి తార్సు భాషలు. పొరుగు సంఘమువారిని సంవత్సరమునకు ఒకసారి పిలిచి, వారి కథ వారి భాషలో చెప్పమనండి. ప్రక్క వీధివాని కథ విననివాడు సముద్రము అవతలివానితో ఏమి మాట్లాడగలడు?

విదేశములకు చదువుకు, ఉద్యోగమునకు వెళ్ళుచున్న మన పిల్లలను ప్రార్థించి పంపునప్పుడు, పెట్టెలో పచ్చళ్ళతోపాటు ఆ నోటుబుక్కు నకలు కూడ పెట్టండి. అక్కడ సంఘములో నీవెవరవని అడుగుతారు. అప్పుడు వారు నావలె తెల్లమొగము వేయకూడదు.

ఒక మాట చెప్పి ముగిస్తాను. మేనత్త దగ్గరనుండి వచ్చిన తరువాత నేను ఆ దైవసేవకునికి ఉత్తరము వ్రాశాను. మా ముత్తాత చెప్పులు కుట్టేవాడన్నది అందులో మొదటి వాక్యము. ఆయన ఆ ఉత్తరమును తన సంఘములో చదివి వినిపించారట. చదువుట ముగిసినప్పుడు ఒక వృద్ధుడు లేచి, తన తండ్రియు తోలుపనివాడేనని, ఆ సంగతి ఆ మందిరములో ఎన్నడును చెప్పలేదని కన్నీళ్ళతో చెప్పాడట. నేను అద్దెకు తెచ్చిన కీబోర్డు వలన జరుగని సహవాసము ఆ ఒక్క వాక్యము వలన జరిగింది. మరుసటి సంవత్సరము వారి యౌవనస్థులు వచ్చినప్పుడు రాగి సంగటి వడ్డించాము. డోలకు బయటికి వచ్చింది.

ప్రకటన గ్రంథము 21వ అధ్యాయములో క్రొత్త యెరూషలేమును చూచిన యోహాను, జనములు తమ మహిమను ఘనతను దానిలోనికి తెచ్చుటను చూచాడు. ఆ గుమ్మములు వేయబడవు. నిషిద్ధమైనది లోనికి పోదు. మనము ఏమి తీసికొని పోవుదుము? అరువు తెచ్చుకున్నది కాక, క్రీస్తు రక్తములో కడుగబడిన మనదే తీసికొని పోవుదుము గాక.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా పితరులను పస్తులలో పోషించి, పరాయి ఊళ్ళలో నిలిపిన దేవా, మీకు స్తోత్రము. వారిని గూర్చి సిగ్గుపడిన మమ్మును క్షమించండి. మాలోని కులగర్వమును తీసివేయండి. మా బిడ్డల నోట మా భాషలో మీ స్తుతిని నిలపండి. అన్ని జనముల మధ్య మమ్మును నిజమైన అతిథులుగాను, నిజమైన ఆతిథేయులుగాను చేయండి. యేసుక్రీస్తు నామమున వేడుచున్నాము తండ్రీ. ఆమేన్.